అమ్మానాన్నలకు బిల్ట్‌మోర్ చూపించాలంటే: ఎంత సమయం, ఎన్ని మెట్లు, ఏది ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటారు. అక్టోబర్ మూడో వారంలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఏడేళ్ళ పాపతో టెనెసీలోని గాట్లిన్‌బర్గ్ వెళ్తున్నారు. శనివారం దారిలో యాష్‌విల్ దగ్గర మూడు గంటలు ఆగి, వాండర్‌బిల్ట్‌ల పాత భవనం, తోటలు ఉన్న ఎస్టేట్ బిల్ట్‌మోర్ చూసేయొచ్చా? అమ్మగారి మోకాళ్ళ నొప్పితో ఆ ఇంట్లో తిరగడం కుదురుతుందా? మనిషికి వంద డాలర్లు పెట్టేంత ఉందా?

జవాబు ముందే చెప్పేస్తాను. మూడు గంటల కోసమైతే వద్దు. ఒక పూర్తి రోజు ఇవ్వగలిగితే, అదీ శనివారం కాకుండా మంగళవారమో బుధవారమో అయితే, తప్పకుండా వెళ్ళండి. మోకాళ్ళ నొప్పి అడ్డు కాదు, కానీ కొంచెం ముందుచూపు కావాలి. డబ్బు సంగతంటారా, ఇల్లొక్కటే చూసి వచ్చేస్తే వంద డాలర్లు ఎక్కువే. ఇల్లు, తోటలు, అడవి మూడూ చూస్తే ఎక్కువ కాదు.

మూడు గంటలు ఎందుకు చాలవో లెక్క చూడండి. గేటు దాటాక ఇంటిదాకా దాదాపు మూడు మైళ్ళు, నెమ్మదిగా నడపాల్సిన మెలికల రోడ్డు. ఆపైన పార్కింగ్, దూరపు లాట్ దొరికితే షటిల్ బస్సు, తలుపు దగ్గర లైను. అక్టోబర్ శనివారం వీటికే గంట పోతుంది. ఇల్లు తీరిగ్గా చూడడానికి రెండు గంటలు. అంతే, మీ మూడు గంటలూ అయిపోయాయి. తోటలో అడుగు పెట్టకుండానే మళ్ళీ కారెక్కుతారు.

టికెట్. ఎస్టేట్‌లోకి వెళ్ళే తేదీతో పాటు, ఇంట్లోకి వెళ్ళే సమయం కూడా బుక్ చేసుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. తేదీకి టికెట్ దొరికింది కదా అని ఊరుకుంటే, తీరా చూసేసరికి ఇంటి స్లాట్లు మధ్యాహ్నం మూడు గంటలవే మిగులుతాయి. ధర కూడా రోజును బట్టి మారుతుంది. వారం మధ్యలో తక్కువ, శని ఆదివారాల్లో, ఆకులు రంగు మారే రోజుల్లో, క్రిస్మస్ అలంకరణల కాలంలో ఎక్కువ. ముందుగా కొన్నవాళ్ళకు తగ్గింపు ఉంటుంది. తొమ్మిదేళ్ళు, అంతకు లోపు పిల్లలకు టికెట్ ఉండదు కాబట్టి పాపకు డబ్బు కట్టక్కర్లేదు, కానీ బుకింగ్‌లో పాపను కూడా లెక్కలో చూపించాలి. మీరు షార్లెట్‌లోనే ఉంటారు గనుక ఒక మాట: ఏడాదిలో రెండోసారి వెళ్ళే ఉద్దేశం ఉంటే మీ ఇద్దరి మట్టుకు యాన్యువల్ పాస్ ధర ఒకసారి చూడండి. పాస్ ఉన్నా ఇంటికి స్లాట్ విడిగా బుక్ చేసుకోవాల్సిందే.

ఇంత ధరేమిటని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ఇది ప్రభుత్వ మ్యూజియం కాదు. కట్టించిన జార్జ్ వాండర్‌బిల్ట్ వారసులదే ఇప్పటికీ. ఆర్థిక మాంద్యం రోజుల్లో, యాష్‌విల్‌కు యాత్రికులు వస్తారని ఊరివాళ్ళు కోరితే, 1930లో జనానికి తెరిచారు. తర్వాత జార్జ్ మనవడు విలియం సెసిల్ దీన్ని సొంత కాళ్ళ మీద నిలబెట్టాడు. 1960ల చివరికి గానీ మొదటిసారి లాభం రాలేదు. పైకప్పు రాగి రేకుల నుంచి గోడల మీది పట్టు బట్టల దాకా మరమ్మతుల ఖర్చంతా టికెట్లు, హోటళ్ళు, వైన్ అమ్మకాల నుంచే రావాలి.

ప్రయాణం. షార్లెట్ నుంచి రెండు గంటలు, రెండుంబావు అనుకోండి. తొమ్మిదిన్నర స్లాట్‌కు ఆరుంబావుకల్లా బయల్దేరాలి. స్లాట్‌కు గంట ముందు గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. గేటు ఉన్నది బిల్ట్‌మోర్ విలేజ్ అనే చిన్న పేటలో. అక్కడి సిగ్నళ్ళ దగ్గరే ట్రాఫిక్ ఆగిపోతుంది. టికెట్లు ఫోన్‌లో ముందే సేవ్ చేసుకోండి, లోపల సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

గేటు దాటాక ఆ మూడు మైళ్ళూ అందరూ కిటికీలోంచి బయటికి చూడాలని చెప్పండి. ఈ దారిని గీసింది ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రూపశిల్పుల్లో ఒకరు. దూరపు దృశ్యం ఒక్కటీ కనబడకుండా వాగు పక్కన, వెదురు, రోడోడెండ్రాన్ పొదల మధ్య దారి మెలికలు తిప్పాడు, చివర్లో ఒక్కసారిగా ఇల్లు కనబడాలని. 1889లో పని మొదలుపెట్టేనాటికి ఈ నేల చాలామటుకు చెట్లు నరికేసి, పంటలతో సారం పోయిన భూమి. చక్కటి పార్కు వేద్దామని జార్జ్ అంటే, ఈ నేలకు అది సరిపడదని, ఇంటి చుట్టూ మాత్రం తోట వేసి, నది ఒడ్డు పల్లంలో వ్యవసాయం చేసి, మిగతాదంతా అడవిగా పెంచమని ఓమ్‌స్టెడ్ సలహా ఇచ్చాడు. ఆ అడవిని చూడడానికి 1892లో గిఫర్డ్ పించో, 1895లో జర్మనీ నుంచి కార్ల్ షెంక్ అనే అటవీ నిపుణులు వచ్చారు. 1898లో షెంక్ ఇక్కడ పెట్టిన బడే అమెరికాలో మొదటి అటవీ విద్యా పాఠశాల. ఒకప్పుడు 1,25,000 ఎకరాలుండేది ఎస్టేట్. 1914లో జార్జ్ చనిపోయాక ఆయన భార్య ఈడిత్ దాదాపు 87,000 ఎకరాలను ఎకరం 5 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి ఇచ్చేసింది. పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కు పునాది ఆ భూమే. ఇప్పుడు మిగిలింది 8,000 ఎకరాలు. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్ళకు షాండ్లియర్ల కన్నా ఈ సంగతి బాగా పడుతుంది. కారులోనే చెప్పేయండి.

మోకాళ్ళ సంగతి. మామూలు దారిలో వెళ్తే కింది అంతస్తు నుంచి పెద్ద మెట్లదారిలో రెండో అంతస్తుకు, మూడో అంతస్తుకు ఎక్కి, తర్వాత అన్నీ దిగి బేస్‌మెంట్‌కు వెళ్ళాలి. నాలుగు అంతస్తుల ఆ మెట్లదారిలో మొత్తం 102 మెట్లు. సందర్శకులు సాధారణంగా వాటన్నిటినీ ఎక్కరు. మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తుతో ఉంటాయి కాబట్టి ఎక్కడం మరీ కష్టం కాదు. మోకాళ్ళకు ఇబ్బంది దిగేటప్పుడు, ముఖ్యంగా బేస్‌మెంట్‌కు. అందుకని తలుపు దగ్గర ఉన్న సిబ్బందితో ముందే "మెట్లు ఎక్కలేరు, లిఫ్ట్ కావాలి" అని చెప్పండి, ఆ రోజు లిఫ్ట్ ఏ అంతస్తులకు వెళ్తుందో కూడా అప్పుడే అడగండి. ఇల్లు పాతది, అన్ని మూలలకూ లిఫ్ట్, చక్రాల కుర్చీ చేరవు. చక్రాల కుర్చీలు ముందు వచ్చినవాళ్ళకు ముందు ఇస్తారు. ఉదయం స్లాట్ తీసుకోవడానికి ఇదీ ఒక కారణం. "నాకెందుకమ్మా కుర్చీ, నడుస్తాను" అని అమ్మగారు అంటారు. ఇంట్లో రెండు గంటలు నిలబడే నడక, మధ్యలో కూర్చునే చోట్లు చాలా తక్కువ అని ముందే చెప్పి ఒప్పించండి. లోపలికి వెళ్ళే ముందు ఇంటి పక్కనే ఉన్న స్టేబుల్ కోర్ట్‌యార్డ్‌లో అందరూ రెస్ట్‌రూమ్‌కు వెళ్ళి రావాలి. పెద్ద బ్యాగులు కారులోనే ఉంచండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్ కుదరవు.

ఇక ఇల్లు. వాస్తుశిల్పి రిచర్డ్ మోరిస్ హంట్. ఫ్రాన్స్‌లోని లువార్ నది ఒడ్డు కోటల పోకడలో, ఇండియానా నుంచి తెప్పించిన సున్నపురాయితో కట్టించాడు. ముఖభాగం 375 అడుగులు. గదులు 250, పడకగదులు 35, స్నానాల గదులు 43, నిప్పుగూళ్ళు 65. సామాను మోయడానికి మూడు మైళ్ళ సొంత రైలు మార్గం వేశారు. రోజుకు 32,000 ఇటుకలు కాల్చే బట్టీ ఇక్కడే పెట్టారు. 1895 క్రిస్మస్ ముందురోజు గృహప్రవేశం. అప్పటికి జార్జ్ వయసు 33, పెళ్ళి కూడా కాలేదు. హైదరాబాద్ ఫలక్‌నుమా చూసిన పెద్దవాళ్ళయితే పోల్చి చెప్పండి: అదీ 1884లో మొదలై 1890లలో పూర్తయినదే. రెండూ ఒకే కాలపువి, రెండూ యూరప్ పద్ధతిని చూసి కట్టినవే.

గదులు చీకటిగా ఉన్నాయేమిటని అందరూ అడుగుతారు. బట్టలు, తివాచీలు, పుస్తకాలు ఎండకు వెలిసిపోకుండా కావాలనే తెరలు దించి ఉంచుతారు. బయటి వెలుతురులోంచి వచ్చిన కళ్ళు సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అందుకే మొదటి గదిలో తొందరపడొద్దు.

అన్ని గదుల్లోనూ ఒకే వేగంతో నడిస్తే సగంలోనే అలసిపోతారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగిపోవాలో ముందే అనుకోండి. నేనైతే కింది అంతస్తులో మూడు చోట్ల ఆగమంటాను. మొదటిది బాంక్వెట్ హాల్: 72 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు, 70 అడుగుల ఎత్తు. గోడల మీద 16వ శతాబ్దపు ఫ్లెమిష్ టాపెస్ట్రీలు (బొమ్మలు నేసిన గోడతెరలు), ఒక చివర మూడు నిప్పుగూళ్ళు వరసగా. ఇక్కడ జనం గుమిగూడతారు. తాడు దగ్గర చోటు ఖాళీ అయ్యేదాకా రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. రెండోది టాపెస్ట్రీ గ్యాలరీ, 90 అడుగుల పొడవు. మూడోది లైబ్రరీ. ఇది ఇంటికి ప్రాణం. జార్జ్ చదివిన పుస్తకాల పట్టీ చిన్నప్పటి నుంచీ రాసుకునేవాడు, మూడు వేలు దాటింది. ఈ గదిలో పదివేలకు పైగా పుస్తకాలున్నాయి. పైకి చూడండి: కప్పు మీది బొమ్మ వెనిస్‌లోని పిసానీ భవనం నుంచి తెచ్చింది, ఇటలీ చిత్రకారుడు పెల్లెగ్రీని వేసింది. నిప్పుగూడు వెనకాల మేడ మీదికి దారి ఉంది. రాత్రిపూట అతిథులు పుస్తకం కోసం రావాలంటే అటునుంచి వచ్చేవారు. మ్యూజిక్ రూమ్ జార్జ్ కాలంలో పూర్తి కాలేదు, 1976లో పూర్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1944 దాకా, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ చిత్రాలను దాచింది ఆ పూర్తికాని గదిలోనే.

మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో వేలాడే ఇనుప షాండ్లియర్ చూపించండి. నాలుగు అంతస్తుల పొడవున దిగుతుంది, బరువు 1,700 పౌండ్లు, అంటే దాదాపు 770 కిలోలు. అదంతా పైన ఒకే ఒక్క బోల్టుకు వేలాడుతోంది. ఆ ఒక్క మాట వింటే పాప కళ్ళు తిప్పదు.

పై అంతస్తుల పడకగదులను త్వరగా దాటేయొచ్చు. ఒక గది చూస్తే తక్కినవి ఊహకు అందుతాయి. లూయీ ఫిఫ్టీన్త్ గదిలో మాత్రం కాస్త ఆగండి, జార్జ్ ఒక్కగానొక్క కూతురు కార్నీలియా 1900లో పుట్టింది ఆ గదిలో. అలా మిగిల్చిన సమయాన్ని బేస్‌మెంట్‌కు ఇవ్వండి. ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నేర్పేది బేస్‌మెంటే. చాలామంది అక్కడికి చేరేసరికి అలసిపోయి పరుగున దాటేస్తారు.

కింద ఈతకొలను ఉంది, 70,000 గ్యాలన్లు, మన లెక్కలో రెండున్నర లక్షల లీటర్లు దాటుతుంది. నీటి అడుగున దీపాలు పెట్టారు, ఆ రోజుల్లో! నీటిని శుభ్రపరిచే యంత్రాలు అప్పటికి లేవు, అందుకని వాడాక ఖాళీ చేసి మళ్ళీ నింపేవారు. ఇప్పుడు అందులో నీళ్ళుండవు. పక్కనే బౌలింగ్ ఆలీ, వ్యాయామశాల. ఆ తర్వాత అసలు సంగతి: వంటిళ్ళు. పేస్ట్రీకి ఒకటి, మాంసం కాల్చడానికి ఒకటి, పెద్ద వంటిల్లు ఒకటి, మనిషి నడిచి వెళ్ళగలిగేంత శీతల గదులు, వడ్డనకు వస్తువులు పైకి పంపే చిన్న లిఫ్టులు. చాకిరేవు గదుల్లో గోడలోంచి బయటికి లాగే చెక్క దండేలు చూడండి. బట్టలు వేసి లోపలికి తోస్తే కింద నుంచి వేడి తగిలి ఆరేవి. అమ్మగారికి ఈ గదులు బాగా నచ్చుతాయి. ఇంత ఇల్లు ఎలా నడిచిందో, ఎవరు నడిపారో పై గదుల్లో కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది. పనివాళ్ళ పడకగదులు కూడా ఇక్కడే కొన్ని ఉన్నాయి. జీతానికి పనిచేసేవాళ్ళకు మంచి మంచం, బీరువా ఉండడం నాన్నగారి దృష్టికి తీసుకురండి.

ఆడియో గైడ్ తీసుకోమంటాను, కానీ పెద్దవాళ్ళకు ఆ ఇంగ్లీషు ఉచ్చారణ వేగంగా అనిపిస్తే బలవంతం చేయొద్దు. మీరే ముందు రాత్రి పైన చెప్పిన నాలుగైదు గదుల సంగతులు చదువుకుని, గది గుమ్మంలో కాకుండా గదికి వచ్చే ముందే రెండు మాటల్లో చెప్పండి. గుమ్మం దగ్గర నిలబడి చెప్తుంటే వెనక జనం తోస్తారు, వాళ్ళు వినలేరు, చూడలేరు.

తోటలు. ఇల్లయ్యాక ముందు భోజనం, తర్వాత తోట. ఇంటిని ఆనుకుని ఉన్న ఇటాలియన్ గార్డెన్‌లో మూడు కొలనులున్నాయి, నేల చదును, అమ్మగారు అక్కడిదాకా హాయిగా నడవగలరు. దక్షిణం వైపు టెర్రస్ మీద నుంచి మౌంట్ పిస్గా దాకా కొండలు కనిపిస్తాయి, కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కూడా. అక్కణ్ణించి గోడల మధ్య ఉన్న వాల్డ్ గార్డెన్‌కు, మొక్కలు పెంచే అద్దాల కన్సర్వేటరీకి దారి దిగుడు. వెళ్ళేటప్పుడు తేలిక, తిరిగి రావడం ఎగువ. ఇక్కడే మోకాళ్ళవాళ్ళు ఇబ్బంది పడతారు. మీలో ఒకరు అమ్మగారి దగ్గర ఉండి, తక్కినవాళ్ళు వెళ్ళి రావడం మంచిది. నాలుగు ఎకరాల వాల్డ్ గార్డెన్‌లో అక్టోబర్‌లో చామంతులు నిండుగా ఉంటాయి. గులాబీలు 250 రకాలకు పైగా ఉన్నాయి, కానీ వాటి అసలు రోజులు మే చివర, జూన్. అజేలియాలకు ఏప్రిల్ చివర నుంచి మే దాకా, ట్యులిప్‌లకు ఏప్రిల్. ఆకుల రంగుల కోసమే అయితే యాష్‌విల్ ఎత్తులో అక్టోబర్ మూడో వారం కన్నా చివరి వారం నయం. వీలైతే వారం జరపండి.

ఇంటి ఫొటో ముందున్న గడ్డి మైదానం నుంచి తీస్తే అందరికీ వచ్చేదే వస్తుంది. మైదానానికి ఎదురు చివర వాలు దారి ఎక్కి రోమన్ దేవత డయానా విగ్రహం దగ్గరికి వెళ్తే ఇల్లు, వెనక కొండలు కలిసి వస్తాయి.

ఆ వైపు పనులన్నీ పూర్తయ్యాకే కారెక్కి, ఎస్టేట్‌లోనే ఉన్న ఆంట్లర్ హిల్ విలేజ్‌కు వెళ్ళండి. అది ఇంటికి కొన్ని మైళ్ళ దూరం, బయటికి వెళ్ళే దారి కూడా అటే. ఇల్లు చూడకుండా ముందు అక్కడికి వెళ్ళి స్లాట్ పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. అక్కడ పాపకు ఆటస్థలం, కోళ్ళు మేకల దొడ్డి ఉన్నాయి. పాత పాలడెయిరీ కొట్టంలో 1985లో తెరిచిన వైనరీ ఉంది. రుచి చూడడానికి సమయం బుక్ చేసుకోవాలి, ఫొటో ఐడీ అడుగుతారు. మీ ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోతే ఆ గంట తోటకే ఇవ్వండి.

తిండి. శాకాహారులకు లోపల మన రుచికి తగ్గవి ఎక్కువ ఉండకపోవచ్చు, మధ్యాహ్నం పన్నెండున్నరకు లైను కూడా ఎక్కువ. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్ళి పార్కింగ్ దగ్గర చెట్ల కింద తినేయడం అన్నిటికన్నా మేలు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళయితే స్లాట్‌కు ముందే ఏదైనా తినిపించండి, ఇంట్లో తినే వీలుండదు. రాత్రికి యాష్‌విల్‌లో చాయ్ పానీ ఉంది. చాట్, థాలీల హోటల్. 2022లో అమెరికా మొత్తం మీద ఉత్తమ రెస్టారెంట్‌గా, వంట రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకుంది.

కాబట్టి మీ ప్లాన్ ఇలా మార్చుకోండి: మొదటి రోజు బిల్ట్‌మోర్, రాత్రి యాష్‌విల్‌లో బస, మర్నాడు గాట్లిన్‌బర్గ్. పొద్దున ఓ అరగంట ఉంటే యాష్‌విల్ నడిబొడ్డున ఉన్న సెయింట్ లారెన్స్ బాసిలికా చూసి వెళ్ళండి. బిల్ట్‌మోర్‌లో పలుచటి పెంకుల్ని పొరలు పొరలుగా అతికించి కప్పులు వేసిన రాఫాయెల్ గుస్తావినోదే ఆ చర్చి కూడా. లోపల దూలమే లేని దీర్ఘవృత్తాకారపు గుమ్మటం, 82 అడుగుల పొడవు, 58 అడుగుల వెడల్పు.

గాట్లిన్‌బర్గ్ దారి గురించి ఒకటి చూసుకోండి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకు పిజన్ నది లోయలో ఐ-40 రోడ్డు కొట్టుకుపోయింది. 2025 మార్చిలో ఒక్కో వైపు ఒక్కో లేన్‌తో, 35 మైళ్ళ వేగ పరిమితితో తెరిచారు. బయల్దేరే రోజు ఉదయం నార్త్ కరోలినా రోడ్ల సైట్ చూడండి. అక్కడ జామ్ ఉంటే చెరోకీ, న్యూఫౌండ్ గ్యాప్ మీదుగా 441 రోడ్డు పట్టుకోండి. రెండు గంటలు దాటుతుంది, మలుపులు ఎక్కువ, కారులో కడుపు తిప్పేవాళ్ళుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి.